మొటిమలకి డాక్సీ మాత్ర రాశారా? ఇలా వేసుకోండి

డాక్సీసైక్లిన్ అంటే టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్. మొటిమలకి రాస్తారు, పొలాల్లో తుప్పల్లో తిరిగేవాళ్లకి పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికీ ఇదే మందు. (ఈ జాతిలో మొదటి మందు 1948లో బయటికొచ్చింది, అప్పుడు దాన్ని తెచ్చిన లెడర్లీ కంపెనీలో రీసెర్చ్ నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే!) మనమేమో అక్క దగ్గర మిగిలిన స్ట్రిప్పు అడిగి తెచ్చుకుని వేసేసుకుంటాం.

అలా కాదు, ముందు డాక్టర్‌కి చూపించండి. ప్రెగ్నెన్సీ ఉన్నా, మొటిమలకే ఐసోట్రెటినాయిన్ వాడుతున్నా దాచకుండా చెప్పేయండి. 8 ఏళ్లలోపు పిల్లలకి మొటిమల కోసం ఇవ్వరు, పళ్లకి పసుపు మరకలు పట్టి ఇంక పోవు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లయితే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు కూడా పట్టుకెళ్లండి, పాత టెట్రాసైక్లిన్ కిడ్నీ దెబ్బతిన్నోళ్లకి పడదు, డాక్సీకి ఆ భయం తక్కువ, అయినా నిర్ణయం డాక్టర్‌దే.

ఇప్పుడు మింగడం. నవ్వకండి, నేను ఇక్కడే బోల్తా పడ్డాను. రాత్రి మంచం మీద పడుకునే ముందు గుటకెడు నీళ్లతో వేసేసుకున్నా, తెల్లారి లేచేసరికి గుండెల మధ్యలో నిప్పు పెట్టినట్టు మంట, గంజి కూడా దిగలేదు, రెండు రోజులు. మాత్ర గొంతు కింద గొట్టంలో అంటుకుపోయి పుండు చేసిందంట. కాబట్టి నిండు గ్లాసు నీళ్లు, కూర్చునో నిలబడో మింగాలి, తర్వాత కనీసం అరగంట నడుం వాల్చకూడదు. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోండి.

అన్నం తిన్నాక అన్నాను గానీ పెరుగన్నం కాదు. కాల్షియం, ఐరన్ ఈ మందుని పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టనివ్వవు. మన విజయనగరం, శ్రీకాకుళం ఇళ్లలో అసలు చిక్కు చోడి (రాగి) అంబలి. పొద్దున్నే గ్లాసుడు అంబలి తాగేసి దాని మీదే మాత్ర వేస్తారు, చోళ్లలో కాల్షియం బాగా ఎక్కువ మరి. అంబలి, పాలు, మజ్జిగ, గ్యాస్ మందు, స్కూల్లో ఆడపిల్లలకి ఇచ్చే ఐరన్ మాత్ర, వీటన్నిటికీ మాత్రకీ మధ్య రెండు మూడు గంటలు ఎడం పెట్టండి.

ఎండకి చర్మం తొందరగా కందిపోద్ది. కళింగపట్నం బీచ్‌కి మిట్టమధ్యాహ్నం వెళ్లొద్దు, తప్పదంటే సన్‌స్క్రీన్, గొడుగు.

వారంలో తగ్గలేదని మానేయకండి, తేడా కనబడ్డానికి 6 నుంచి 8 వారాలు పడుద్ది. ఒక్క మాత్రతోనే సరిపెట్టరు, బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటి పైపూత కూడా ఇస్తారు, అది మానొద్దు. సాధారణంగా మూడు నాలుగు నెలల్లో ఆపిస్తారు, మీరే పొడిగించుకోవద్దు. ఒకపూట మర్చిపోతే తర్వాతపూట రెండు కలిపి వేయకూడదు. తలనొప్పి గట్టిగా వచ్చి చూపు మసకబారినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, రక్తంతో విరేచనాలైనా ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

డేటు అయిపోయిన స్ట్రిప్పు బీరువాలో ఉంటే పారేయండి, పాడైపోయిన టెట్రాసైక్లిన్ కిడ్నీల్ని దెబ్బతీసిన కేసులున్నాయి. ఎదురింటి పిల్ల అడిగినా ఇవ్వకండి.