పర్లాకిమిడిలో ఇంటి చరిత్ర రాసేవారు ముందు తేదీలు తేల్చుకోవాలి

ట్రంకుపెట్టె అడుగున దొరికిన దస్తావేజు మీద క్రీస్తు శకం ఉండకపోవచ్చు. ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాసుకుని, ఆ తర్వాతే లెక్క కట్టండి. పాత తెలుగు అంకెల్లో ౨, ౩ ఒకదానికొకటిలా కనబడతాయి. అనుమానమొస్తే అదే చేతిరాతలో అదే అంకె మరోచోట ఎలా ఉందో చూడండి.

మద్రాసు లెక్క ఫసలీ (శిస్తు లెక్కలకు వాడిన రెవెన్యూ సంవత్సరం) జూలై 1న మొదలవుతుంది. కాగితం జూలై నుంచి డిసెంబరు లోపుదైతే 590, జనవరి నుంచి జూన్ లోపుదైతే 591 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. అన్నిటికీ 590 వేస్తే సగం కాగితాలు ఏడాది వెనక్కి పోతాయి. ఫసలీ 1345 దగ్గర మరీ జాగ్రత్త. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 అందులోనే ఉంది. మార్చి కాగితమైతే ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాది, మే కాగితమైతే ఒరిస్సాది. ‘ధాత నామ సంవత్సర చైత్రం’ అని మాత్రమే ఉంటే తిథి కూడా చూడాల్సిందే, ఆ చైత్రం ఏప్రిల్ 1కి అటూ ఇటూ పడింది. పైగా ధాత అరవై ఏళ్లకోసారి వస్తుంది, 1876 కూడా ధాతే.

గజపతి రాజుల దానపత్రాల్లో ‘అంకం’ (రాజు ఏలిన ఏళ్లను లెక్కించే సంఖ్య) కనిపిస్తే అది నేరుగా పాలనా సంవత్సరం కాదు. 1ని, 6ని, ఆపైన 6తో గానీ సున్నాతో గానీ ముగిసే అంకెలను వదిలేస్తారు, 10ని మాత్రం లెక్కలో ఉంచుతారు. 25వ అంకం అంటే 1, 6, 16, 20 పోగా 21వ ఏడు.

పేర్ల సంగతి. ఒడియా రికార్డుల్లో ‘వ’ తరచూ ‘బ’ అవుతుంది. వెంకటరావు బెంకట రావు అయినంత మాత్రాన వేరే మనిషనుకోకండి. తండ్రి పేరు, హద్దులు పోల్చి చూడండి.

ఇక పెద్దలు చెప్పే మాటలు. ఈ ఊళ్లో సగం మంది తాతలు గిడుగు రామమూర్తి గారి శిష్యులే! ఆయన ఇక్కడి రాజావారి బడిలో 1880లో ఉపాధ్యాయుడిగా చేరి 1911లో మానేశారు. తాతగారు 1908లో పుడితే ఆ బడిలో ఆయన దగ్గర చదివారన్న మాట కొట్టేయండి. ‘చిన్నరైలు వచ్చినప్పుడు’ అన్నారా, నౌపడ నుంచి ఊరికి ఆ లైను 1900లో వచ్చింది. అదెవరు కళ్లారా చూశారో కూడా అడిగి రాసుకోండి.