ఆల్చిప్పలు, పీతలు ఉన్న నీళ్లలో రొయ్యలకూ చేపలకూ తెగులు అంటకుండా చూసుకోవడం ఎలా?

రొయ్యలు, పండుగప్ప, కత్తిపరిగె చేపలతోపాటు ఆల్చిప్పలు కూడా వేస్తే నీళ్లు వడకట్టి శుభ్రం చేస్తాయన్నది సగం నిజమే. వడకట్టిన క్రిముల్లో కొన్నిటిని అరిగించుకుంటాయి, కొన్నిటిని కడుపులో ఉంచుకుని మలంతో బతికుండగానే వదిలేస్తాయి. విబ్రియో అనే బ్యాక్టీరియా, రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్, పండుగప్ప పిల్లల్ని చంపే నోడా వైరస్ ఆల్చిప్ప జాతుల్లో బయటపడ్డాయి. థాయ్‌లాండ్‌లో రొయ్యల చెరువుల దగ్గర అంటుకుని పెరిగే చిన్న గుల్లల్లో ఈహెచ్‌పీ (రొయ్యల ఎదుగుదలని ఆపేసే సూక్ష్మ పరాన్నజీవి) కూడా దొరికింది. అందుకే గుల్లల్ని నీళ్లు లోపలికొచ్చే వైపు ఎప్పుడూ ఉంచకూడదు.

మొదటి పని పంట తీసిన వెంటనే. తూము గోడలు, పైపుల లోపలి భాగం, ఏరేటర్ల తెప్పలు తడిమి చూడండి. గరుకుగా తగిలితే ఇనప బ్రష్‌తో గీకేసి, గుల్లల్ని సున్నంతో దూరంగా పూడ్చండి. బ్లీచింగ్‌కి చస్తాయిలే అని వదిలేయడమే ఎక్కువమంది చేసే తప్పు. క్లోరిన్ తగలగానే అవి చిప్ప బిగించుకుని రోజుల తరబడి అలాగే ఉండగలవు. వాటికి మందు ఎండే. గుంట అడుగు బీటలు వారేదాకా ఎండనివ్వండి. కిందటి పంటలో ఈహెచ్‌పీ వచ్చి ఉంటే, ఎకరాకి సుమారు 2.4 టన్నుల పొడి సున్నం (కాల్చిన సున్నం, మామూలు వ్యవసాయ సున్నం కాదు) చల్లి, 10–12 సెం.మీ. లోతు దున్ని కలిపి, తర్వాత తడపాలి. మట్టి పీహెచ్ 12కి చేరితేనే ఈహెచ్‌పీ బీజాలు చస్తాయి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

నీళ్లు పోటు మీద ఉన్నప్పుడు రిజర్వాయరు గుంటలోకి తోడండి, 60 మెష్ (అంగుళానికి 60 కళ్లున్న) వల బ్యాగు రెండు పొరలు కట్టి. ఎకరం గుంటలో మీటరు లోతు నీళ్లంటే 4,047 ఘనపు మీటర్లు. 60 పీపీఎం (ఘనపు మీటరుకి 60 గ్రాముల పొడి) లెక్కన 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ దాదాపు 243 కిలోలు పడుతుంది. ఎండకి క్లోరిన్ త్వరగా పోతుంది కాబట్టి సాయంత్రం వేయండి. మూడు నాలుగు రోజులకి క్లోరిన్ మిగిలిందో లేదో చూపే ఆర్థోటోలిడిన్ చుక్కలు కొంచెం నీళ్లలో వేస్తే పసుపు రంగు రాకూడదు, వస్తే ఇంకా ఆగాలి.

పీతలది వేరే కథ. మండపీత తెల్లమచ్చని మోస్తూ కూడా చావకుండా తిరుగుతుంది. గట్టు చుట్టూ అర మీటరు ఎత్తు వల, అంచు మట్టిలో పూడ్చి కట్టండి. వలకి ఆనించి వదిలేసిన వెదురు కర్ర ఒక్కటి చాలు, పీతకి అదే నిచ్చెన.

ఆల్చిప్పలు పెంచి తీరాలంటే, బయటికి పోయే నీళ్ల గుంటలో తాళ్లకి వేలాడదీయండి. ఆ నీళ్లు మళ్లీ రొయ్యలకి రాకూడదు. తెచ్చే ముందు పీసీఆర్ (క్రిముల జన్యుపదార్థాన్ని పట్టే ల్యాబ్ పరీక్ష) చేయించండి. వేర్వేరు చోట్ల నుంచి పది గుల్లలు తీసి విప్పితే, కీలు దగ్గర ముదురు గోధుమ-ఆకుపచ్చ ముద్ద కనబడుతుంది. అదే జీర్ణగ్రంథి, క్రిములు చేరేది అక్కడే. అందులోంచి బఠాణీగింజంత ముక్కని 95 శాతం ఆల్కహాల్‌లో పంపండి. బయటి మాంసం పంపితే ఉన్నది కూడా కనబడకపోవచ్చు. తెల్లమచ్చ, ఈహెచ్‌పీ రెండూ అడగండి, పండుగప్ప ఉంటే నోడా కూడా. నెగటివ్ వచ్చినా అది ఆ పది గుల్లల మాటే.

మేతగా పచ్చి గుల్లల మాంసం వేయొద్దు, ఉడికించి వేయండి. మా వైపు అక్టోబరు–డిసెంబరు వానలకి ఉప్పదనం ఒక్కసారిగా పడిపోతే తాళ్ల మీదున్న గుల్లలు నోరు తెరిచి చస్తాయి. ఆ కుళ్లుకి అమ్మోనియా, విబ్రియో రెండూ పెరుగుతాయి. పొద్దున్నే తాళ్లు ఎత్తి చచ్చినవి ఏరేయండి.

తెల్లమచ్చ తేలితే ముందు తూము మూసేయండి, పక్క గుంటలవాళ్లకి చెప్పండి. అంతే మోతాదు బ్లీచింగ్ వేసి వారం ఆగాకే నీళ్లు కాలువలోకి వదలాలి.