మున్సిపాలిటీలో మీ పని ఎక్కడ ఆగింది? సమస్య, కారణం, పరిష్కారం

మా వీధి మొదట్లో సైడు కాలువ మీద శ్లాబు విరిగిన ఆరు నెలలకి నాకు తెలిసిందేంటంటే, అసలు ఆ కాలువ మా కార్పొరేషన్‌ది కాదు. అప్పటికి నేను యాప్‌లో నాలుగు సార్లు ఫిర్యాదు పెట్టాను. రెండు సార్లు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది, ఒకసారైతే ఫోటో కూడా జతచేశారు, తెరిచి చూస్తే ఎవరి వీధిలోనో కాలువ, పక్కన కనిపించే టిఫిన్ సెంటర్ బోర్డు మా పేటలో లేనే లేదు. చివరికి ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు నా అర్జీ వెనక్కి తిప్పి పెన్నుతో గీత గీసి, "ఇటు మాది, అటు వేరే శాఖది, మీ శ్లాబు అటు పడింది సార్" అన్నారు. అంతే, రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల కోసం ఆరు నెలలు.

పని జరగకపోతే మనకి ముందు వచ్చే మాట "చేయి తడపలేదు కాబట్టి ఆపారు" అని. అదీ ఉంటుంది, లేదని ఎవరంటారు. కానీ నేను తిరిగినంతలో చాలా పనులు అది ఎవరిదో తేలక ఆగాయి, లేదా ఏ పద్దులోంచి డబ్బు తియ్యాలో తేలక ఆగాయి. ఎక్కడ ఆగిందో కనుక్కోకుండా కమిషనర్ గారికి ఎన్ని అర్జీలు పెట్టినా అవి మళ్ళీ అదే టేబుల్ మీదకి వచ్చి పడుకుంటాయి. నేను రాసేది ఎక్కువగా ఆంధ్రా మున్సిపాలిటీల సంగతి. తెలంగాణలో కొన్ని పేర్లు, నిబంధనలు వేరు, వెతకాల్సిన పద్ధతి మాత్రం ఇదే.

సమస్య: ఫిర్యాదు పెట్టిన ప్రతిసారీ మూసేస్తున్నారు

కారణం: అది వాళ్ళ పరిధిలో లేదు, లేదా మీరు రాసిన చిరునామా పట్టుకుని ఎవరూ అక్కడికి చేరలేరు.

1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణ ప్రణాళిక మొదలుకుని శ్మశానాల దాకా 18 అంశాల జాబితా ఒకటి (12వ షెడ్యూలు) పెట్టింది, కానీ అందులో ఏవి మున్సిపాలిటీకి ఇవ్వాలో రాష్ట్రం చట్టం చేసి ఇవ్వాలి. అందుకే ఒకే వీధిలో నలుగురు యజమానులు ఉంటారు. లోపలి రోడ్డు మున్సిపాలిటీది, ఊరి మధ్యలోంచి పోయే మెయిన్ రోడ్డు ఆర్ అండ్ బీది కావచ్చు, బైపాస్ జాతీయ రహదారుల వాళ్ళది, స్తంభం కరెంటు కంపెనీ డిస్కంది, దానికి వేలాడే లైటు మళ్ళీ మున్సిపాలిటీది. హైదరాబాద్‌లో మంచినీళ్ళూ మురుగూ 1989 నాటి చట్టంతో ఏర్పడిన జలమండలి చూస్తుంది, అక్కడి కార్పొరేషన్ జీహెచ్ఎంసీకి రాసుకుంటే ఆ కాగితం తిరిగి తిరిగి జలమండలికే చేరాలి. విశాఖలో కార్పొరేషన్ పైన మళ్ళీ వీఎంఆర్‌డీఏ అనే అభివృద్ధి సంస్థ ఉంది.

పరిష్కారం: ముందు వార్డు సచివాలయానికి వెళ్ళండి. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ సచివాలయాల్లో రోడ్లు, కాలువలు, నీళ్ళు చూసే ఎమెనిటీస్ సెక్రటరీ వేరు, చెత్త చూసే శానిటేషన్ సెక్రటరీ వేరు, ప్లాన్లు చూసే ప్లానింగ్ సెక్రటరీ వేరు. సరైన మనిషిని పట్టుకుని ఒకే ప్రశ్న అడగండి: "ఇది మన పరిధేనా?" కాదంటే ఎవరిదో చెప్పించుకుని, ఆ మాట అర్జీలో రాయండి. ఫిర్యాదులో "మా వీధిలో కాలువ పొంగుతోంది" అని రాయకండి, డోర్ నంబరు, ఎదురుగా ఏ షాపు, కాలువకి ఏ వైపు, అన్నీ రాసి, ఆ షాపు బోర్డు కూడా పడేలా ఫోటో తీయండి. అబద్ధంగా మూసేస్తే కొత్తది పెట్టొద్దు, పాత నంబరునే పట్టుకుని సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్ళి, ఆ తప్పుడు ఫోటో ప్రింటు తీసి జతచేసి రసీదు తీసుకోండి. కొత్త ఫిర్యాదు పెడితే మీ ఆరు నెలలు లెక్కలోంచి పోతాయి, మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు.

సమస్య: వీధి లైట్లు వెలగడం లేదు

ఒక్క స్తంభం లైటే వెలగకపోతే లైటు పోయినట్టు. వరస మొత్తం చీకటైతే, ఆ వరసకి కరెంటు ఇచ్చే సీసీఎంఎస్ బాక్సులోనో ఫేజులోనో తేడా. పట్టపగలు కూడా వెలుగుతున్నాయంటే ఆ బాక్సులో టైమరు సంగతి చూడాలి. ఇళ్ళలో కూడా కరెంటు లేకపోతే మున్సిపాలిటీని వదిలేసి 1912కి ఫోన్ చేయండి. స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు చెప్తే చాలు, "రామాలయం దగ్గర లైటు" అంటే మన ఊళ్ళలో ఎన్ని రామాలయాలో మీకు తెలుసు.

సమస్య: కుళాయి నీళ్ళు రంగు మారి, వాసన వస్తున్నాయి

దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో తాగే నీళ్ళలో మురుగు కలిసి అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి.

ముందు అటు రెండిళ్ళు, ఇటు రెండిళ్ళు అడగండి. అందరికీ అలాగే వస్తుంటే మెయిన్ లైనులోనో ట్యాంకు దగ్గరో లోపం. మీ ఒక్కరికే అయితే మెయిన్ లైను నుంచి మీ ఇంటికి వచ్చే చిన్న పైపు కాలువలోంచి వస్తున్న చోట చిల్లు పడి ఉంటుంది. నీళ్ళు వదలనప్పుడు ఆ పైపు ఖాళీగా ఉండి, చుట్టూ ఉన్న మురుగుని లోపలికి లాక్కుంటుంది, అందుకే వదిలిన మొదటి అయిదు నిమిషాలే కంపు కొట్టి తర్వాత బాగానే వస్తాయి. జనం ఆ అయిదు నిమిషాలు పారబోసి ఊరుకుంటారు. ఇంకో సంగతి, కుళాయికి డైరెక్టుగా మోటారు పెట్టి గుంజేవాళ్ళు వీధిలో ఉంటే చిల్లులున్న ప్రతి పైపూ ఇంకా గట్టిగా మురుగు పీలుస్తుంది. చివరి ఇంటికి నీళ్ళు ఎక్కకపోవడానికి కూడా చాలాసార్లు ఆ మోటార్లే కారణం.

పరిష్కారం: ఫిట్టరుని పిలిచి కాలువలో ఉన్న పైపు మార్పించండి, మార్చేటప్పుడు కాలువ పైనుంచి తీయించండి. మెయిన్ లైను అనుమానమైతే సచివాలయంలో క్లోరిన్ పరీక్ష చేయమని అడగండి. గొట్టంలో మీ కుళాయి నీళ్ళు పట్టి చుక్కల మందు వేస్తారు, పసుపు రంగు రావాలి. కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. రంగే రాలేదంటే అక్కడే వాళ్ళ రిజిస్టరులో రాయించండి.

సమస్య: రోడ్డు శాంక్షన్ అయింది అన్నారు, రెండేళ్ళయినా వేయలేదు

అసలు కథంతా ఇక్కడే ఉంది. "శాంక్షన్ అయింది" అనే మాటకి మున్సిపాలిటీలో కనీసం అయిదారు అర్థాలున్నాయి. ఏఈ వచ్చి టేపు పెట్టి కొలిచి ఎస్టిమేట్ వేసినా జనం శాంక్షన్ అయిందనే అంటారు. ఖర్చుని బట్టి కమిషనరో, స్టాండింగ్ కమిటీయో, కౌన్సిలో ఆమోదించి పరిపాలనా అనుమతి ఇచ్చినా అదే మాట. అది ఏఈ పై ఇంజినీర్లు డీఈ, ఈఈ దగ్గర టెక్నికల్ శాంక్షన్ దాటితే అదీ అదే మాట. ఆ తర్వాత టెండరు, ఆ తర్వాత అగ్రిమెంటు, అప్పుడు కదా కంకర పడేది. కాబట్టి "ఎప్పుడు వేస్తారు" అని అడగొద్దు, "పరిపాలనా అనుమతి నంబరు, తేదీ చెప్పండి" అని అడగండి. నంబరు చెప్పలేకపోతే రోడ్డు ఇంకా కాగితం కూడా కాలేదని అర్థం.

నంబరు ఉంది, టెండరు పిలిచారు, అయినా పని లేదు అంటే రెండు కారణాల్లో ఒకటి.

ఒకటి, ఎవరూ టెండరు వేయలేదు. మా వార్డులో ఒక సిమెంటు రోడ్డుకి మూడు సార్లు పిలిచినా ఒక్కరు రాలేదు. ఎందుకు రాలేదని ఒక కాంట్రాక్టరుని టీ కొట్టు దగ్గర అడిగితే, "చేసిన దానికే బిల్లు రాలేదన్నా, వడ్డీ నేను కడుతున్నా" అన్నాడు. మున్సిపాలిటీ ఖాతాలో డబ్బు కనిపిస్తున్నా బిల్లు రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో ఎక్కి ట్రెజరీ వరసలో నిలబడాల్సి రావడం వల్ల, ఊరి పన్నుతో ఊరికి చేసిన పనికి కూడా నెలల తరబడి డబ్బు రాని రోజులున్నాయి. ఇలాంటి చోట కార్పొరేటర్‌ని తిట్టి లాభం లేదు. పనిని చిన్న చిన్న ముక్కలుగా కాకుండా నాలుగు వీధులు కలిపి ఒకే ప్యాకేజీగా పిలవమని అడిగితే కొంచెం పెద్ద కాంట్రాక్టరు వచ్చే అవకాశం ఉంది. మాకు అలాగే అయింది, అన్నిచోట్లా అవుతుందని హామీ ఇవ్వలేను.

రెండు, డబ్బు ఉంది కానీ రోడ్డు పద్దులో లేదు. 2021-26కి 15వ ఆర్థిక సంఘం నగరాలకి ఇచ్చిన గ్రాంటులో, పది లక్షల జనాభా దాటని ఊళ్ళకి 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టారు. అలా షరతున్న డబ్బుతో మీ వీధికి రోడ్డు వేస్తే ఆడిట్‌లో పట్టుకుంటారు. కానీ మీ వీధికి కాలువ, పైపు కూడా కావాలి కదా, ముందు వాటిని అలాంటి గ్రాంటులో పెట్టమనండి. అసలు పద్ధతిగా చూసినా రోడ్డు వేశాక పైపు కోసం తవ్వడం కంటే పైపు వేశాక రోడ్డు వేయడమే మేలు, ఇది చెప్పడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, అయినా ఎన్ని ఊళ్ళలో తిరగబడి జరుగుతుందో చూస్తూనే ఉన్నాం.

బడ్జెట్‌లో మీ పని ఎక్కాలంటే మార్చిలో వెళ్ళి ప్రయోజనం ఉండదు, అప్పటికి అంకెలు బిగుసుకుపోయి ఉంటాయి. చలికాలం మొదలవుతుండగానే అంచనాల పని నడుస్తుంది, అప్పుడే వీధి వాళ్ళంతా సంతకాలు పెట్టిన కాగితం కార్పొరేటర్‌కీ, ఇంజినీరింగ్ సెక్షన్‌కీ ఇచ్చి ఇన్‌వార్డు నంబరు తీసుకోండి.

రోడ్డు వేశారు, ఆర్నెల్లకే లేచిపోయింది అంటే సమాచార హక్కు చట్టం కింద ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) కాపీ అడగండి. ఎంత పొడవు, ఎంత మందం వేశామని రాసి బిల్లు చేసుకున్నారో అందులో ఉంటుంది. అర్జీ ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. "రోడ్డు ఎందుకు పాడైంది" అని అడిగితే జవాబు రాదు, ఎందుకు అనే ప్రశ్నకి ఆ చట్టంలో జవాబు చెప్పక్కర్లేదు. "ఫలానా పని ఎం-బుక్ పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు కాపీలు ఇప్పించగలరు" అని కాగితం పేరు పెట్టి అడగండి. టేపు పట్టుకెళ్ళి కొలిస్తే మిగతాది మీకే తెలుస్తుంది.

సమస్య: ఇల్లు మారలేదు, గది కట్టలేదు, ఇంటి పన్ను మాత్రం ఏటా పెరుగుతోంది

కారణం: ఆంధ్రాలో 2021-22 నుంచి పన్ను లెక్క మారింది. అంతకుముందు అద్దె విలువ మీద వేసేవారు, ఇప్పుడు స్థలం, కట్టడం కలిపి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఒకేసారి పెంచితే గోల అవుతుందని ఏడాదికి 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. ఉదాహరణకి పాత పన్ను 2000, కొత్త లెక్కలో 4000 అనుకోండి. మొదటేడు 2300, తర్వాత 2645, తర్వాత 3042, 3498, అయిదో ఏడు 4000 దగ్గర ఆగుతుంది. ఈలోగా రిజిస్ట్రేషన్ విలువలు పెరిగితే ఆగాల్సిన చోటు కూడా ఇంకొంచెం పైకి జరుగుతుంది. అంటే ఏటేటా ఎవరో కొత్తగా మీ మీద పన్ను వేయడం లేదు, ఒకసారి వేసిందాన్నే వాయిదాల్లో వసూలు చేస్తున్నారు.

పరిష్కారం: పెంపుని ఆపలేరు, తప్పుల్ని ఆపగలరు. డిమాండ్ నోటీసులో చదరపు అడుగులు, కట్టిన సంవత్సరం, సొంతమా అద్దెకా, నివాసమా వ్యాపారమా, ఈ నాలుగూ చూడండి. మా పిన్ని వాళ్ళింట్లో ముందు గదిలో ఎప్పుడో కుట్టు మిషను షాపు ఉండేది, మూసేసి ఎనిమిదేళ్ళయినా రికార్డులో కమర్షియల్ అనే ఉంది, ఇన్నేళ్ళూ అలాగే కట్టారు పాపం. తప్పుంటే నోటీసులో ఇచ్చిన గడువులోపే రివిజన్ పిటిషన్ ఇవ్వాలి. పన్ను హఠాత్తుగా రెట్టింపయితే, అనుమతి లేని అంతస్తుకి జరిమానా పడిందేమో చూడండి. ఇంటి యజమానే ఉంటూ 375 చదరపు అడుగుల్లోపు ఉన్న చిన్న ఇంటికి ఏడాదికి 50 రూపాయలే, మీకు వేలల్లో వస్తే వెంటనే వెళ్ళి అడగండి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు, ఆలస్యం చేస్తే నెలకి 2 శాతం వడ్డీ. కొన్నేళ్ళు మార్చిలో వడ్డీ మాఫీ ఇచ్చారు కదా అని దాని మీద ఆశ పెట్టుకోవడం నాకైతే నచ్చదు. అన్నట్టు, బిల్లులో గ్రంథాలయ సెస్సు అని కనిపించేది పన్ను మీద 8 శాతం. మీ ఊళ్ళో లైబ్రరీకి కొత్త పుస్తకాలు ఎప్పుడొచ్చాయో దారిలో ఆగి చూడండి.

సమస్య: ఇంటి ప్లాన్ ఆన్‌లైన్‌లో పెడితే వెనక్కి వచ్చింది

తొంభై పాళ్ళు స్థలంలోనే ఉంటుంది తేడా. లేఅవుట్‌కి ఎల్పీ నంబరు (అనుమతి నంబరు) లేకపోతే అది అనధికార లేఅవుట్. పార్కుకీ ఖాళీ స్థలానికీ 10 శాతం వదలకుండా ముక్కలు కోసి అమ్మేశారు కాబట్టి, దాని బదులు స్థలం విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కింద మీరు కట్టాలి, కోసినవాడు కాదు. ఇంకోటి, మాస్టర్ ప్లాన్‌లో మీ స్థలం మీదుగా రోడ్డు గీత పోతోందేమో, లేదా గ్రీన్ జోన్‌లో ఉందేమో చూసుకోండి, బ్రోకరు చూపించే బ్రోచర్‌లో ఆ గీత ఉండదు. ఇదంతా కొనకముందు సర్వే నంబరు పట్టుకుని టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో అడిగితే అరపూట పని. కొన్న తర్వాతైతే ఎన్ని పూటలో చెప్పలేను.

సమస్య: చెప్పుకోడానికి కార్పొరేటరే లేరు

కౌన్సిల్ గడువు అయిదేళ్ళే. ఆంధ్రాలో చాలా కార్పొరేషన్లకి 2021 మార్చిలో ఎన్నికలు జరిగాయి, రాజమహేంద్రవరంలో అప్పుడు అసలు జరగనే లేదు. పాలకవర్గం లేనప్పుడు స్పెషలాఫీసరే కౌన్సిల్, తీర్మానాలు ఆయన సంతకంతోనే అవుతాయి. కాబట్టి అర్జీ కమిషనర్‌కి ఒకటి, స్పెషలాఫీసర్‌కి ఒకటి. నిజం చెప్పాలంటే చిన్న పనులు అప్పుడే తొందరగా అవుతాయి, పెద్ద పనులకి మాత్రం పట్టుపట్టి అడిగే నోరు ఉండదు.

మా శ్లాబు సంగతా? ఆ వేరే శాఖ సెక్షన్ ఆఫీసులో అర్జీ ఇచ్చిన పంతొమ్మిదో రోజున కొత్తది వేశారు. వారం తిరక్కుండా దాని మీద ఒకాయన ఇడ్లీ బండి పెట్టాడు. అది ఎవరి పరిధో ఇంకా తేలలేదు, ఇడ్లీలు మాత్రం బాగున్నాయి.