పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కోవడానికి ముందు

తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి మేనత్త కూతురి పెళ్ళిలో లంగా ఓణీతో దిగిన ఫోటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, గంటసేపు మాటిమాటికీ ఫోన్ తీసి చూసుకుని, ఆశించినన్ని లైకులు రాకపోవడంతో దాన్ని తీసేస్తుంది. ఏమైందని తల్లి అడిగితే "ఊరికే తీసేశానమ్మా" అంటుంది. ఇది పట్నపు పిల్లల సమస్య అనుకోనక్కరలేదు. గ్రామీణ ప్రాంతాల్లో పిల్లల చదువుల మీద జరిగిన 2024 అసర్ సర్వేలో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో 57 శాతం మంది అంతకు ముందు వారంలో చదువు కోసం స్మార్ట్‌ఫోన్ వాడామని చెప్పగా, సోషల్ మీడియా కోసం వాడామన్నవారు 76 శాతం. ఈ వయసు పిల్లలున్న తల్లిదండ్రులు ఏం చేయవచ్చో, అందులో ఏది ముందు చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

మొట్టమొదట గమనించవలసింది పిల్లలు ఫోన్‌ను ఎన్ని గంటలు చూశారని కాదు, దాన్ని పక్కన పెట్టాక ఎలా ఉన్నారని. గంటల లెక్క అనవసరమని నా ఉద్దేశం కాదు. రోజుకు 3 గంటలకు మించి సోషల్ మీడియాలో గడిపే కౌమారుల్లో కుంగుబాటు, ఆందోళన లక్షణాల ముప్పు రెట్టింపు ఉంటుందని అప్పటి అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి) వివేక్ మూర్తి 2023లో హెచ్చరించారు. అయితే ఫోన్ వల్ల కుంగిపోతున్నారా, కుంగిపోయి ఫోన్‌లో తలదాచుకుంటున్నారా అన్నది ఆ లెక్క తేల్చదు. అది దగ్గర ఉండి చూసేవారికే తెలుస్తుంది. ఫిల్టర్ లేకుండా ఫోటో దిగడానికి ఒప్పుకోకపోవడం, "నేను నల్లగా ఉన్నాను", "లావయ్యాను" అనే మాటలు పెరగడం, అన్నం తగ్గించడం, అబ్బాయిలైతే కండలు రాలేదని అద్దం ముందు మథనపడటం వంటివి ఉన్నాయేమో వారం రోజులపాటు ఏమీ అనకుండా చూడండి.

ఆ తర్వాత పక్కన కూర్చుని, వాళ్ళ ఫోన్‌ను వాళ్ళ అనుమతితోనే చూడండి. "ఏదీ, నీకు నచ్చిన రీల్స్ నాకూ చూపించు నాన్నా" అంటే చాలామంది చూపిస్తారు. "ఎప్పుడూ ఈ చెత్తేనా" అని ఒక్కసారి అన్నామా, ఇక చూపించరు. మనిషి తన విలువను ఇతరులతో పోల్చుకుని అంచనా వేసుకుంటాడని మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింగర్ 1954లోనే ప్రతిపాదించారు. ఒకప్పుడు ఆ పోలిక తరగతిలోని నలభై మందితో ఆగేది. ఇప్పుడు లైటింగ్, మేకప్, ఎడిటింగ్ కలిసి తయారుచేసిన వేల ముఖాలతో, అదీ దుప్పటి కింద ఒంటరిగా, అర్ధరాత్రి జరుగుతోంది. తమ శరీరం గురించి అప్పటికే బాధపడుతున్న అమ్మాయిల్లో 32 శాతం మంది ఇన్‌స్టాగ్రామ్ వల్ల ఆ బాధ ఇంకా పెరిగిందని చెప్పినట్లు 2021లో బయటపడిన ఆ సంస్థ అంతర్గత పత్రాల్లోనే ఉంది. అందుకని ఫిల్టర్ వేసి ఒకసారి, తీసేసి ఒకసారి ఇద్దరూ మీ ముఖాలు చూసుకోండి. చర్మం ఎక్కడ నున్నబడిందో, ముక్కు ఎంత సన్నబడిందో పిల్లలే వేలు పెట్టి చూపిస్తారు. మనసు చివుక్కుమనిపించే ఖాతాలను అన్‌ఫాలో చేయడం, అలాంటి రీల్ వచ్చినప్పుడు 'నాట్ ఇంట్రెస్టెడ్' నొక్కడం, లైకుల సంఖ్య కనబడకుండా దాచే సెట్టింగ్ పెట్టుకోవడం వాళ్ళ చేతనే చేయించండి.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పాలి. పోలికను మన పిల్లలకు నేర్పింది ఫోన్ కాదు, మన ఇల్లే. పదో తరగతి ఫలితాల రోజున కుటుంబ వాట్సాప్ గ్రూపులో "మా వాడికి 572" అని మనం పెట్టినప్పుడు, 480 వచ్చిన తోడికోడలి కూతురు అదే గ్రూపును అదే గదిలో చూస్తూ ఉంటుంది. వచ్చిన చుట్టాలు "అక్కంత రంగు రాలేదే" అన్నప్పుడు మనం నవ్వి ఊరుకుంటే, ఆ పిల్ల ఫెయిర్‌నెస్ ఫిల్టర్‌ను ఎందుకు వదులుతుంది? కాబట్టి పిల్లల మార్కులను, ఫోటోలను వాళ్ళను అడగకుండా గ్రూపుల్లో పెట్టడం ఈ రోజే మానేయండి. రంగు మాట ఎత్తినవారికి పిల్లల ఎదుటే, మర్యాదగానే, అలా అనవద్దని చెప్పండి. సెట్టింగులన్నిటికంటే దీనికే ఎక్కువ బలం ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

స్నేహాల్లో దెబ్బలు ఇంకోలా తగులుతాయి. తరగతి గ్రూపు ఉండగానే ఒకరిని వదిలేసి మరో గ్రూపు పెట్టుకోవడం, మెసేజ్ చూసి కూడా జవాబు ఇవ్వకపోవడం, స్నాప్‌చాట్‌లో స్ట్రీక్ (రోజూ ఒకరికొకరు తప్పకుండా పంపుకునే స్నాప్‌ల వరుస) తెగితే స్నేహమే తెగినట్లు అలగడం పెద్దలకు చిన్న విషయాలుగా కనిపిస్తాయి గానీ, ఆ వయసులో అది వెలివేత వంటిదే. వెంటనే అవతలి పిల్ల తల్లికి ఫోన్ చేయకండి. ముందు పూర్తిగా వినండి, "నేను మాట్లాడనా, నువ్వే మాట్లాడతావా" అని అడగండి, ఆ స్నేహితురాలిని ఆదివారం ఇంటికి భోజనానికి పిలవండి. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన అబ్బాయికి హాస్టల్ మిత్రులతో సంబంధం నిలిపేదీ, అమెరికాలోని మనవరాలికి అమ్మమ్మ ముఖం చూపించేదీ ఈ ఫోనే కాబట్టి, దాన్ని పూర్తిగా లాక్కుంటే పోయేవి కూడా ఉన్నాయి.

ఫోటోలతో బెదిరింపు మాత్రం వేరే సంగతి. "ఏం జరిగినా నాతో చెప్పు, కొట్టను, ఫోన్ లాక్కోను" అన్న మాట ముందే ఇచ్చి ఉంచండి, ఎందుకంటే ఆ భయంతోనే పిల్లలు దాస్తారు. అడిగిన డబ్బు ఇవ్వకండి, చాట్ చెరిపేయకండి, ఆ ఫోటోను ఎవరికీ పంపకండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేసి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయండి.

ఇంటి నియమాల్లో ఒకటి చాలు: రాత్రి పదింటికి అందరి ఫోన్లూ, నాన్న ఫోన్‌తో సహా, హాల్లోనే చార్జింగ్‌లో ఉండాలి. 2025 నుంచి మన దేశంలో కూడా వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ టీన్ ఖాతా రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లను ఆపుతుంది, ఖాతాను ప్రైవేటుగా ఉంచుతుంది. కానీ పుట్టిన సంవత్సరం తప్పుగా ఇచ్చి ఉంటే ఇవేవీ వర్తించకపోవచ్చు, కనుక ముందు దాన్ని సరిచేయించండి.

నిద్ర, తిండి, బడి మీద ఆసక్తి రెండు వారాలకు పైగా దెబ్బతిన్నా, "నేను లేకపోతే బాగుండు" అన్న మాట ఒక్కసారి వినిపించినా, ఆగకుండా మానసిక వైద్యులను కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలు మాట్లాడనంటే, ఏం చేయాలో తోచని తల్లిదండ్రులైనా చేయవచ్చు.