కోనసీమ పిల్లలతో ఆస్ట్రేలియా ఎడారికి కారులో వెళ్లాలంటే

సంక్రాంతి సెలవుల్లో వెళ్దామంటే మాత్రం ఒప్పుకోకండి. జనవరి అక్కడ నడివేసవి, ఎండ 40 డిగ్రీల దగ్గర కాస్తుంది. మన బడులకు ఎండాకాలం సెలవులుండే మే నెలే ఆ ఎడారికి మంచి కాలం. పగలు ఇరవై పైచిలుకు డిగ్రీలు, తెల్లవారుజామున పదిలోపు. అమలాపురంలో స్వెటర్లతో పనుండదు కాబట్టి పిల్లలకి ముందే కొని పెట్టుకోండి. మా తమ్ముడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. వాళ్లూ మేమూ కలిసి ఆ ఎడారి నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ ఊళ్లో కారు అద్దెకు తీసుకుని, ఉలురు అనే పెద్ద ఎర్రరాతి కొండ, కింగ్స్ కాన్యన్ అనే లోతైన రాతి లోయ తిరిగొచ్చాం. మళ్లీ వెళ్లేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది నీళ్ల గురించి. మన పిల్లలు ఉక్కపోతలో పెరిగినవాళ్లు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటేనే వాళ్లకి ఎండ తెలుస్తుంది, అప్పుడే నీళ్లు అడుగుతారు. ఎడారి గాలి పొడిగా ఉంటుంది. చెమట పట్టిన క్షణంలోనే ఆరిపోతుంది. చొక్కా తడవదు, చిరాకు పుట్టదు, ఒంట్లో నీరు మాత్రం పోతూనే ఉంటుంది. అందుకే దాహం వేసేదాకా ఆగొద్దు, గడియారం చూసి తాగించండి. ఎండలో నడిచేటప్పుడు మనిషికి గంటకి లీటరు చొప్పున పట్టుకెళ్లాలి. ప్రతి పిల్లాడికీ సొంత సీసా ఇచ్చి, ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు మీ కళ్లముందే తాగించండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే నడక ఆపి నీడలో కూర్చోబెట్టాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఆలిస్ స్ప్రింగ్స్ సూపర్‌మార్కెట్లలో బియ్యం, పెరుగు దొరుకుతాయి. ఉప్పేసిన పెరుగన్నం చల్లపెట్టెలో పెట్టుకుంటే మధ్యాహ్నం దిగులుండదు.

రెండోది కాళ్లకి అలవాటు. కోనసీమలో ఎటు నడిచినా చదునే. ఏటిగట్టు మీద గంట నడిచే పిల్లలు కూడా రాళ్ల మెట్లు ఎక్కమంటే నీరసపడతారు. బయల్దేరడానికి నెల ముందు నుంచి ఆదివారాలు పొద్దున్నే గట్టు మీద నడిపించండి, వీలైతే అన్నవరం మెట్లదారిన ఒకసారి ఎక్కించండి. కొత్త బూట్లు కూడా అప్పుడే వేయించాలి. అక్కడికెళ్లాక బొబ్బలెక్కితే ప్రయాణమంతా పాడవుతుంది. ఆ బూట్లనే విమానం ఎక్కేముందు బ్రష్షుతో రుద్ది కడగండి. పొలం మట్టి అంటి ఉంటే ఆస్ట్రేలియా విమానాశ్రయంలో ఆపేస్తారు. తినేవి ఏం తీసుకెళ్లినా, ఆవకాయ అయినా సరే, వాళ్లిచ్చే కార్డులో తప్పకుండా రాయాలి. దాచిపెడితే జరిమానా. పాలతో చేసిన మిఠాయిలు ఇంట్లోనే వదిలేయండి, టెన్షన్ ఉండదు.

డ్రైవింగ్ కష్టం కాదు, మనలాగే ఎడమ వైపు నడుపుతారు. కష్టమంతా దూరంతోనే. ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి దారిలో పెట్రోలు బంకు ఉన్న ఎర్ల్‌డండా మజిలీకి 200 కిలోమీటర్లు, అంటే దాదాపు మనం విశాఖ వెళ్లినంత. మధ్యలో దాదాపు ఏమీ తగలదు. అక్కడి నుంచి ఉలురు పక్కనున్న యులారాకి ఇంకో 250. బంకు కనిపించిన ప్రతిచోటా ట్యాంకు నింపండి. చాలా మేర ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఏడేళ్ల లోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, కారుతో పాటే అడగండి. 50 మీటర్లు దాటే పొడవున్న లారీలు ఎదురొస్తాయి, వాటిని రోడ్ ట్రైన్ అంటారు. ఎదురైనప్పుడు స్టీరింగు గట్టిగా పట్టుకోండి, గాలి కారుని నెట్టేస్తుంది. చీకటి పడ్డాక అసలు నడపొద్దు, కంగారూలు, అడవి ఒంటెలు రోడ్డెక్కుతాయి. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడుచుకుంటూ వెళ్లకండి. వెతికేవాళ్లకి మనిషి కంటే కారే తొందరగా కనిపిస్తుంది.

ఉలురు దగ్గర పిల్లలు మొదట అడిగేది ఎక్కుదామనే. 2019 అక్టోబర్ 26 నుంచి ఎక్కడం నిషేధం. ఆ నేల అక్కడి ఆదివాసీలైన అనంగు ప్రజలది, 1985లో వాళ్లకి తిరిగి ఇచ్చారు. ఆ కొండ వాళ్లకి పవిత్రం. మనం గాలిగోపురం ఎక్కుతామా అని అడిగితే మా పిల్లలకి వెంటనే అర్థమైంది. ఫొటోలు తీయొద్దని బోర్డు ఉన్నచోట ఫోన్ జేబులో పెట్టేయండి. చుట్టూ నడక 10.6 కిలోమీటర్లు, చిన్నపిల్లలకి ఎక్కువ. మాలా నడక పోయిరావడానికి 2 కిలోమీటర్లు, కునియా నడక 1 కిలోమీటరు. రెండూ చదునుగా ఉంటాయి. కునియా దారి చివర నీటి మడుగుంది. నీళ్ల మధ్య పెరిగిన మన పిల్లలు అంత ఎర్రటి రాతి కింద నీళ్లు చూసి ఎంతసేపైనా కదలరు. ఆ టైం కూడా లెక్కలో వేసుకోండి.

కింగ్స్ కాన్యన్ అంచు నడక 6 కిలోమీటర్లు, మూడు నాలుగు గంటలు పడుతుంది. మొదట్లోనే నిటారు ఎక్కుడు. పదేళ్లు దాటినవాళ్లనే పైకి తీసుకెళ్లి, చిన్నవాళ్లని ఒక పెద్ద మనిషితో కింద వాగు పక్క దారిలో నడిపించడం మంచిదని నా అభిప్రాయం. పైన అంచు వెంట చాలాచోట్ల కంచె లేదు. ఒక్కో పిల్లాడికి ఒక్కో పెద్దవాళ్లు తోడు ఉంటేనే ఎక్కండి.