అనంతపురంలో యూదుల పండుగలు: చెట్ల లెక్క, పర్ణశాల, పరిగె

యూదుల పండుగల్ని వాతావరణ న్యాయంతో, అంటే వాతావరణ మార్పు భారం పేదల మీదే పడకూడదనే మాటతో, ముడిపెట్టాలనుకునే బృందాలు మొదట పెట్టుకునే కార్యక్రమం యూదుల చెట్ల పండుగ తు బిష్వాత్ నాడు మొక్కలు నాటడం. అనంతపురంలో ఇది పనికిరాదు. ఆ పండుగ జనవరి, ఫిబ్రవరిల్లో వస్తుంది. ఇజ్రాయెల్‌లో అప్పటికి వానలు చాలావరకు కురిసి నేల తడిగా ఉంటుంది, బాదం పూస్తుంది. మనకేమో ఎండలు మొదలవుతాయి. అప్పుడు నాటిన మొక్క వేరు కిందికి దిగేలోపే మార్చి వచ్చేస్తుంది. చివరికి ఫొటో ఒక్కటే మిగులుతుంది.

నిజానికి ఆ రోజు మొదట్లో లెక్కల తేదీ. యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నా. అందులోని రోష్ హషానా భాగం యూదుల నెల షెవాత్‌ను చెట్ల సంవత్సరాది అంటుంది. హిల్లేల్ అనే పండితుడి వర్గం లెక్కలో అది 15వ తేదీ. పండ్లలో ఇవ్వాల్సిన పదో వంతు, అంటే దశమభాగం, ఏ ఏటి పండ్ల కిందికి వస్తుందో తేల్చడానికి ఈ గీత గీశారు. బైబిల్లో లేవీయకాండము 19:23 ప్రకారం నాటిన చెట్టు పండు మూడేళ్లు తినకూడదు. ఆ ఏళ్ల లెక్కకూ ఈ తేదీ కావాలి. కాబట్టి ఆ రోజు నాటకండి, గత వానల్లో నాటినవి ఎన్ని బతికాయో లెక్క తీయండి. అవే మొక్కల్ని వరుసగా మూడేళ్లు లెక్కపెట్టాలి.

2027లో తు బిష్వాత్ జనవరి 22 సాయంత్రం మొదలై 23 సాయంత్రం ముగుస్తుంది. 23 శనివారం, సబ్బాతు. ఆచారం పాటించే యూదులు ఆ రోజు రాయరు. లెక్క 24 ఆదివారం పెట్టుకోండి. పుస్తకంలో నాలుగు గళ్లు చాలు: మొక్క నంబరు, జాతి, బతికిందా లేదా, నీళ్లు పోసేదెవరు. ఆకు రాలిన ప్రతి మొక్కా చచ్చినట్టు కాదు. కాండం మీద గోటితో గీకండి, బెరడు కింద పచ్చగా ఉంటే ప్రాణముంది. మొదలు పట్టుకుని కదిపితే వదులుగా ఊగిందంటే చెదలు వేరు కొరికాయేమో చూడాలి.

తర్వాత నీళ్ల లెక్క. 50 మొక్కలకు వారానికి రెండుసార్లు పదేసి లీటర్లంటే వారానికి 1,000 లీటర్లు. ఫిబ్రవరి నుంచి మే ఆఖరు దాకా 17 వారాలకు 17,000 లీటర్లు; 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ఆ డబ్బు ఎవరిస్తారు, నీళ్లు ఏ బోరువి అన్నది మొక్క తెచ్చేముందే రాసుకోండి. కాలనీ ఆడవాళ్లు బిందెలతో వరుస కట్టే బోరు నుంచి చెట్లకు నీళ్లు తోడుతూ దాన్ని న్యాయం అనడం కుదరదు.

కొత్త గుంతలు మాత్రం ఆ వారమే తవ్వొచ్చు: రెండడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు. పైమట్టి ఒక పక్క, కింది గరుసు ఇంకో పక్క పోసి ఎండకు వదిలేయండి. జూన్, ఆగస్టు మధ్య రెండు మంచి వానలు పడ్డాక పైమట్టిలో పది కిలోల చివికిన పశువుల ఎరువు, అరకిలో వేపపిండి కలిపి నాటండి. పచ్చి పేడ వేస్తే చెదల్ని పిలిచినట్టే.

ఇక పర్ణశాలల పండుగ, సుక్కోత్. వారం పాటు ఆకుల పందిరి కింద భోంచేసే పండుగ. ఇది మన కాలానికి బాగా కుదురుతుంది. 2026లో సెప్టెంబర్ 25 శుక్రవారం సూర్యాస్తమయానికి మొదలవుతుంది, ఆలోపే పందిరి పూర్తి కావాలి. పది అడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, ఏడు ఎత్తు సరిపోతుంది. మూడు పక్కలా గోడలు కట్టండి. చీరలైతే గాలికి కొట్టుకోకుండా పైనా కిందా బిగించాలి. ఆకాశం కిందే ఉండాలి, వేపచెట్టు నీడలో కడితే చెల్లదు. కప్పు నేల నుంచి కోసినదై ఉండాలి: ఈత మట్టలు, కానుగ కొమ్మలు, జొన్న సొప్ప. రేకులు, టార్పాలిన్ కూడవు. లోపల ఎండకన్నా నీడ ఎక్కువుండాలి. కానుగ ఆకు రెండు మూడు రోజుల్లో ముడుచుకుని రాలుతుంది, అప్పుడు నీడ తగ్గి పందిరి నియమం తప్పుతుంది. అందుకే మొదటి రోజే పైన సొప్ప ఒక వరుస పరచండి. సెప్టెంబర్ మనకు వానల నెల కదా, కారుతుంది. జావ పాడయ్యేంత వాన పడితే లేచి ఇంట్లోకి పోవచ్చని మిష్నా చెబుతుంది. మనకైతే సంకటి గిన్నె చూసుకోండి.

అక్టోబర్ 2 శుక్రవారం, సెలవు. ఆ రోజు పందిరిలో ఒక థర్మామీటరు, ఇంటివాళ్లను అడిగి దగ్గర్లోని రేకుల ఇంట్లో ఇంకొకటి పెట్టండి. ముందు రెండింటినీ పది నిమిషాలు పక్కపక్కన ఉంచి తేడా ఉంటే రాసుకోవాలి. నేల నుంచి మీటరు ఎత్తులో, గోడకూ రేకుకూ తగలకుండా కట్టి 12కు, 2కు, 4కు చూడండి. ఆ అంకెలతో సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అడిగేది ఒక్కటే ఉండాలి: రేకుల మీద తెల్ల పూత. పది కోరికలు రాస్తే ఒక్కటీ కదలదు.

అక్టోబర్ 3న, సుక్కోత్ అయిన వెంటనే వచ్చే పండుగ షెమినీ అత్సెరెత్, వాన ప్రార్థన రోజు. మన దగ్గర అప్పుడు వానొస్తే పీకి ఆరబెట్టిన బుడ్డలకు (వేరుశనగకు) బూజు పడుతుంది. అకాల వాన చిక్కు పాత యూదు పండితులకూ తెలుసు: పండుగకు యెరూషలేము వచ్చినవాళ్లలో ఆఖరివాడు తిరిగి యూఫ్రటీస్ నది చేరేదాకా, పదిహేను రోజులు ఆగి వాన అడగాలని మిష్నాలో రబ్బాన్ గమలీయేలు అనే పండితుడి తీర్పు. ఊళ్లో కోతలు ఎవరివి మిగిలాయో కనుక్కుని మీ కార్యక్రమం తేదీ పెట్టుకోండి.

కోతల్లోనే చేయాల్సింది ఇంకొకటుంది. లేవీయకాండము 19:9 పొలం అంచు కోయొద్దు, పరిగె ఏరొద్దు అంటుంది. మిష్నా కనీసం అరవయ్యో వంతు వదలమంది: ఎకరాకు సుమారు 1.67 సెంట్లు, అంటే 81 గజాలు. మేకలు మేసిన గట్టు పక్క ముక్క చూపించి సరిపెట్టుకోకండి. మీరే పీకి పంచిపెట్టడమూ కాదు, అవసరమున్నవాళ్లే వచ్చి పీక్కోవాలి. ముందురోజే కూలి ఆడవాళ్లకు కబురు పెట్టండి, లేకపోతే గొర్రెలు ముందు దిగుతాయి. నేల గట్టిపడితే కాయ తెగి మట్టిలోనే ఉండిపోతుంది, ఆ పరిగె కూడా వాళ్లదే. కౌలు పొలమైతే ఆ 81 గజాల విలువ కౌలులో తగ్గించమని యజమానితో విత్తనం వేయకముందే మాట్లాడుకోవాలి.