ఇంజన్ ఆగాక పొలం అందడం లేదా? ఇంటి సిమ్యులేటర్‌లో సమస్య - పరిష్కారం

విజయనగరంలో మా మేడగదిలో కూర్చుని, విశాఖలో సెస్నా 172 అనే చిన్న విమానాన్ని లేపి, భోగాపురం దాటాక ఇంజన్ ఆపేసి దింపడం నాకు చాలాకాలంగా ఉన్న పిచ్చి. ఈ లెక్కలు 172 ఎస్ మోడల్‌వి.

సమస్య: ఎంచుకున్న పొలానికి ముందే నేల తగులుతోంది.

కారణం దాదాపు ఎప్పుడూ మన చెయ్యే. పొలం అందదేమోనన్న టెన్షన్‌లో స్టిక్‌ను వెనక్కి లాగేస్తాం. ముక్కు పైకి లేస్తుంది, వేగం 55కి పడిపోతుంది, విమానం ముందుకు సాగకుండా కిందికి జారిపోతుంది. ఎంత లాగితే అంత దగ్గర్లో పడతాం.

పరిష్కారం: ఇంజన్ ఆగగానే మరేదీ ముట్టుకోకుండా 68 నాట్లు పట్టండి (వరినాట్లు కాదు లెండి, విమాన వేగానికి కొలత). ట్రిమ్ (స్టిక్‌ను పట్టుకునే ఉండక్కర్లేకుండా ముక్కును నిలిపే చక్రం) తిప్పి ఆ వేగాన్ని అక్కడే నిలపండి. ఆ తర్వాతే ఇంధనం సెలెక్టర్, మిక్స్చర్ (ఇంధనం, గాలి పాళ్లు సరిచేసే మీట), పంపు, ఇగ్నిషన్ చూడండి. గాలి లేనప్పుడు వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు 2.7 కిలోమీటర్లు సాగుతుంది, ఎదురుగాలి ఉంటే అంత రాదు. ఇప్పుడు అద్దంలోంచి పొలాన్ని చూడండి. అది పైపైకి పోతుంటే అందదు, దగ్గర్లో ఇంకోటి వెతకండి. కిందికి జారుతుంటే దాటిపోతాం. కదలకుండా నిలబడ్డ చోటుకే మనం వెళ్తున్నాం. నాకు ఈ ఒక్కటి ఒంటబట్టడానికే నెల పట్టింది.

పొలం దాటిపోతుంటే? ఫ్లాప్స్ (రెక్కల వెనక పలకలు, దించితే విమానం ఏటవాలుగా త్వరగా దిగుతుంది) ఆలస్యంగా దించుతున్నారన్నమాట. అయితే పొలం ఖాయమయ్యేదాకా వాటి జోలికి పోవద్దు.

ట్రిమ్ చేసినా వేగం నిలవట్లేదంటే జాయ్‌స్టిక్‌ను అనుమానించండి. పాతబడ్డవాటికి చెయ్యి తీసేసినా సిగ్నల్ వణుకుతుంటుంది. కాలిబ్రేట్ చేసి, డెడ్ జోన్ (స్టిక్ చిన్న కదలికల్ని పట్టించుకోని మేర) కొంచెం పెంచితే చాలు.

సమస్య: తెర మీద బాగున్న చోటు నిజంగా పనికొస్తుందా?

ఉపగ్రహ చిత్రం ఏదో ఒక రోజుది. చదునైన పచ్చటి మడి అనుకున్నది నాట్లప్పుడు (ఇవి వరినాట్లే) బురద. అందులో చక్రాలు దిగబడి విమానం బోర్లాపడొచ్చు. గట్ల మీది తాటిచెట్లు, కరెంటు తీగలు సిమ్యులేటర్‌లో చాలాచోట్ల ఉండనే ఉండవు. ఉద్దానం కొబ్బరితోటల మీద ఉన్నప్పుడైతే నేను పొలం వెతకను, సముద్రపు ఒడ్డుకే తిప్పుతాను. ఎండాకాలంలో నాగావళి ఇసుక మేటలు కూడా ఊరిస్తాయి గానీ, మెత్తటి ఇసుకను నమ్మలేం.

టేకాఫ్ తర్వాత 300 అడుగుల్లోనే ఇంజన్ ఆగి, రన్‌వేకి వెనక్కి తిరగబోయి కూలుతున్నారా? అంత ఎత్తులో ఆ మలుపు కుదరదు. మలుపులో రెక్కలు 45 డిగ్రీలు వాలితే స్టాల్ వేగం (అంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు) 19 శాతం దాకా పెరుగుతుంది. ముక్కు దించి, ఎదురుగా ఉన్నదాంట్లోనే దింపండి.

ఇక అన్నీ బాగానే వస్తున్నాయనిపిస్తే, ఇంజన్ ఎప్పుడు ఆగుతుందో మీకు ముందే తెలుసు కాబట్టి! ఎక్స్‌ప్లేన్ సిమ్యులేటర్‌లో ఇంజన్ వైఫల్యాన్ని ఎప్పుడో ఒకప్పుడు వచ్చేలా పెట్టుకోవచ్చు. నేను ఆ పని మా తమ్ముడికి అప్పగించాను. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, మాటల్లో పెట్టి, మిక్స్చర్ లాగేశాడు. ఆ మొదటిసారి 68 సంగతి గుర్తొచ్చేసరికి వేగం 50కి దిగిపోయింది.